నింపు, నిప్పు, ఆగు, అగ్గి

ఫిరంగి పక్కన నిలబడి “నింపు” అని అరిస్తే, పది అడుగుల అవతలి కుర్రాడికి అది “నిప్పు” అని వినిపిస్తుంది. నమ్మకం కలగకపోతే మీ డాబా ఎక్కి, వీధిలో ఎవరినైనా నిలబెట్టి, పక్కన ఒకరి చేత డప్పు కొట్టించి చూడండి. రాతలో చూస్తే ఒకదానిలో సున్నా ఉన్నచోట ఇంకోదానిలో వత్తు, అంతే తేడా. నేను లెక్కల మాస్టారిని. సున్నా విలువ నాకు బాగా తెలుసని అనుకునేవాణ్ణి.

మా ఊరు గుంటూరు. వారమంతా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. రెండేళ్లుగా ఆదివారాలు మాత్రం పద్దెనిమిదో శతాబ్దంలో గడుపుతున్నాను. పాత యుద్ధాలను ఆ కాలపు దుస్తులతో, ఆయుధాల నమూనాలతో మైదానంలో మళ్లీ నడిపి చూపడం కొందరికి వ్యాపకం. బెల్జియంలో వాటర్లూ, అమెరికాలో గెటిస్‌బర్గ్ యుద్ధాలకు ఇలా వేలమంది చేరిన సందర్భాలున్నాయి. వాళ్లు నిజమైన తుపాకిమందుతోనే ఫిరంగులు పేలుస్తారు. గుంటూరు, విజయవాడల నుంచి పోగైన మా బృందంలో ముప్పై మంది కూడా లేరు. మందు సంగతి సరే, మొదట్లో మా దగ్గర చెప్పుకోదగ్గ కత్తి కూడా లేదు.

మొదట పల్నాటి యుద్ధం చేద్దామని అనుకున్నాం. కారెంపూడి వెళ్లి వీరుల ఉత్సవం చూసి వచ్చాక ఆ ఆలోచన విరమించుకున్నాం. తాతల నాటి ఆయుధాలను దేవుళ్లుగా మోసుకొచ్చి పూజించే మనుషుల ముందు మా అట్టకత్తులు ఎవరికి కావాలి? పైగా అందులో ఫిరంగి లేదు. ఫిరంగి మీద మోజు నాదేనని ఒప్పుకుంటాను.

అలా బందరు కోట ముట్టడి దగ్గరకు వచ్చాం. సంవత్సరం 1759. కోస్తా సర్కారులు అప్పటికి ఫ్రెంచివారి చేతిలో ఉన్నాయి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ తరపున క్లైవ్ బెంగాలు నుంచి పంపిన కల్నల్ ఫోర్డ్, విజయనగరం రాజు ఆనంద గజపతి సైన్యంతో కలిసి, 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్‌ను ఓడించాడు. ఆ మార్చికల్లా బందరు ముందు దిగాడు. కోట చుట్టూ బురదనేల. రాజు సైన్యాన్ని పక్కన పెడితే, లోపలివారు ఫోర్డ్ సొంత మనుషులకన్నా ఎక్కువమంది. వెనకనుంచి హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో వస్తున్నాడు. డబ్బు అందక ఫోర్డ్ మనుషులే ఒకసారి తిరగబడ్డారు. ఏప్రిల్ మొదటి వారంలో ఫిరంగుల అధికారులు వచ్చి, ఇక రెండు రోజులకు సరిపడే మందుగుండే మిగిలిందని చెప్పారు. ఫోర్డ్ 7వ తేదీ పగలంతా ఫిరంగులు కాల్పించి, ఆ అర్ధరాత్రి సముద్రపు పోటు తీసి నీళ్లు తగ్గిన వేళ మూడు వైపుల నుంచి కోట మీద పడ్డాడు. ఒక దాడి నిజం, తక్కినవి కంటికి కట్టిన గంతలు. తెల్లవారేసరికి కోట లొంగిపోయింది.

ఈ కథలో నన్ను పట్టుకున్నది ఆ రెండు రోజుల లెక్క. సంచిలో ఎన్ని తూటాలున్నాయో తెలిసినవాడు ఒక్కొక్కటీ ఎలా ఖర్చు పెడతాడు?

ఇద్దరు పరాయివాళ్లు మన నేల కోసం కొట్టుకుంటే మధ్యలో మనం ఎవరి పక్షం అని మా కుర్రాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయితే రెండు వైపులా కాళ్లు నేలలో దిగబడుతూ నడిచినవాళ్లలో ఇక్కడివాళ్లూ ఉన్నారు. బెంగాలు, అవధ్ ప్రాంతాల్లో కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అని పిలిచేవారంటే, ఆ పేరు ఎక్కడినుంచి వెళ్లిందో వేరే చెప్పాలా? ఫిరంగులు లాగిన లస్కర్ల పేర్లయితే ఏ పుస్తకంలోనూ కనబడవు. మేం వాళ్ల వేషమే వేద్దామని తేల్చుకున్నాం. ఎర్ర కోటులకు ఉన్ని బదులు మంగళగిరి నూలు తెచ్చి కుట్టించాం. ఏప్రిల్‌లో ఉన్ని వేసుకోమంటే కుర్రాళ్లు నా మీదే తిరగబడేవారు.

ఫిరంగి కమాండరుగా నన్ను ఎన్నుకోవడానికి కారణం నా గొంతు. ఎనభైమంది ఉన్న గదిలో మైకు లేకుండా చివరి బెంచీకి వినిపించగలను. అదొక్కటే అర్హత.

ఫిరంగులు రెండు. ఆరు పౌన్ల ఫిరంగిని నమూనాగా తీసుకున్నాం. ఆరు పౌన్లంటే గుండు బరువు, దాదాపు 2.7 కిలోలు. గొట్టానికి బోరుబావి కేసింగ్ పైపు ముక్క, దాని మీద ప్లైవుడ్ తొడుగు, ఇత్తడి రంగు. చక్రాలు పెదకాకాని దగ్గర ఒక రైతు కొట్టంలో మూలపడి ఉన్న ఎద్దుల బండివి, అద్దెకు ఇచ్చాడు. ఇచ్చేముందు చక్రం నడిమి నుంచి అంచుకు వెళ్లే ఒక్కొక్క ఆకునూ వేలితో తట్టి, “ఇవి మా నాన్న చేయించినవి, జాగ్రత్త” అన్నాడు. దిమ్మ, ఇరుసు, వెనక నేలకు ఆనే తోక విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రి బిగించాడు. ఆయనకు ఫిరంగి అంటే ఏమిటో చెప్పనక్కర లేకపోయింది. బొమ్మ చూసి, “రెండు చక్రాల ట్రాలీ, అంతే కదండీ” అన్నాడు. నిజంగానే అంతే.

తుపాకిమందు మాట మొదటిరోజే పక్కన పెట్టాం. పేలుడు పదార్థాల చట్టం 1884 నాటిది, ఆయుధాల చట్టం 1959 నాటిది. రెండింటి జోలికీ పోయే స్తోమత మాకు లేదు. కార్బైడ్ వేసి పేల్చుదామని ఒకడు సలహా ఇచ్చాడు. ఆ కార్బైడ్ గొట్టాల వల్ల ఎంతమంది పిల్లల కళ్లు పోయాయో పేపర్లో చూశాక ఆ మాట ఎత్తినవాణ్ణి నెలరోజులు డప్పు దగ్గర కూర్చోబెట్టాను. చివరికి పాత లారీ ఎయిర్ బ్రేకు ట్యాంకు ఒకటి తెచ్చి తోక కింద దాచాం. దానికి ఒక వాల్వు. గొట్టంలో పల్చటి కాగితంలో చుట్టిన ఊక బూడిద పొట్లం. వాల్వు తిప్పితే గాలి తన్ని, పొట్లం చిరిగి, తెల్లటి పొగలాంటిది పదిహేను అడుగులు ఎగుస్తుంది. గోధుమపిండి వాడదామని ముందు అనుకున్నాం గానీ, గాలిలో లేచిన పిండి నిప్పు తగిలితే పేలుతుంది. జనంలో ఒకడు బీడీ వెలిగిస్తే చాలు. చప్పుడుకు డప్పులు. అనుమతి కోసం అర్జీ పెట్టినప్పుడు ‘ఫిరంగి’ అన్న మాట దగ్గర గుమాస్తా పెన్ను ఆగిపోయింది. బోరు పైపు, ఊక బూడిద అని వివరంగా రాసి ఇస్తే, అది చదివి ఇంకా అనుమానంగా చూశాడు. మూడోసారి వెళ్లినప్పుడు సంతకం అయింది.

ఇదంతా సులువైన భాగం.

గుంటూరులో మా వీధి చివర ఒక సుబేదారు గారు ఉంటారు. ఫిరంగి దళంలో చేసి రిటైరయ్యారు. బోఫోర్స్ మీద పనిచేసిన మనిషి. మా బోరు పైపును చూసి నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. చుట్టూ ఒకసారి తిరిగి, గొట్టం ముందుకు మాత్రం రాకుండా, “ఇందులో ఏమైనా ఉందా?” అని అడిగారు.

“ఏమీ లేదండీ, ఖాళీ” అన్నాను.

“మీరు చూశారా?”

చూడలేదు. ఆయన అక్కడే నిలబడ్డారు. నేను వెళ్లి కర్ర పెట్టి చూసి వచ్చి ఖాళీ అని చెప్పేదాకా ఒక్క అడుగు వేయలేదు. మా ఇంట్లో వంటావిడ కుక్కర్ మూత తీసేటప్పుడు కూడా ఇంత మర్యాద చూపడం నేను చూడలేదు.

ఆయన నేర్పినది ఈనాటి ఫిరంగి పని కాదు. పాత పద్ధతి మేం చదివి చెప్పాం, ఆయన దాన్ని మనుషుల ఒంట్లోకి ఎక్కించారు. ఒక్కో ఫిరంగికి ఐదుగురు. ఒకటో నంబరు చేతిలో తడిగుడ్డ చుట్టిన కర్ర. దాని రెండో కొన దంచే దిమ్మ. పేలిన గొట్టంలో నిప్పురవ్వ మిగిలి ఉంటే తరువాతి తూటా, అంటే మందు సంచి, పెట్టగానే అంటుకుంటుంది కాబట్టి ముందు తడిగుడ్డ. రెండో నంబరు తూటా అందించి మూతిలో పెడతాడు. మూడో నంబరు వెనక నిలబడి, గొట్టం మీది సన్నటి రంధ్రాన్ని బొటనవేలితో మూసి ఉంచాలి. ముందునుంచి దంచుతుంటే ఆ రంధ్రంలోంచి గాలి ఆడకూడదు, ఆడితే మిగిలిన రవ్వ రాజుకుంటుంది. నాలుగో నంబరు చేతిలో జామగి, అంటే నిదానంగా కాలే వత్తి చుట్టిన కర్ర. మా ఐదో నంబరు పాత పుస్తకాల్లో ఉండడు. తోక వెనక బోర్లా పడుకుని వాల్వు తిప్పేవాడు.

బొటనవేలికి తోలు తొడుగు కావాలి. మా వీధి మొగలో చెప్పులు కుట్టే ఆయన కొలత తీసుకుని, ఎందుకని కూడా అడగకుండా, లోపల మెత్తటి తోలు, పైన దళసరి తోలు వేసి రెండు కుట్టి ఇచ్చాడు. ఆ తొడుగు వేసుకునే మూడో నంబరుకు ఎన్‌సీసీ చేసిన డిగ్రీ అమ్మాయిని పెట్టాం. మిగతావాళ్లందరికీ ఏదో ఒకటి చేసే పని. ఆమెది మాత్రం చేయి కదపకుండా ఉండే పని. కుర్రాళ్లలో ఒక్కడూ అది నలభై సెకన్లు చేయలేకపోయాడు.

దంచేటప్పుడు బొటనవేలు ఎక్కడ ఉండాలనే దాని మీద సుబేదారు గారు ఒక పూట పూర్తిగా గడిపారు. మనం రోకలి పట్టుకున్నట్లు నాలుగు వేళ్లు ఒక వైపు, బొటనవేలు ఇంకో వైపు పెట్టి బిగించకూడదు. ఐదు వేళ్లూ ఒకే వైపు ఉండాలి, కర్ర అరచేతిలో ఆని ఉండాలి. లోపలి తూటా అనుకోకుండా పేలితే కర్ర జారి వెళ్లిపోతుంది, బొటనవేలిని తీసుకుపోదు. ఒళ్లు గొట్టం మూతికి ఎదురుగా రాకూడదు, చక్రం గీత దాటకూడదు. “మా పైపులో మందు లేదు కదండీ” అన్నాడు ఒకటో నంబరు. మొబైల్ షాపులో పనిచేస్తాడు, చురుకైన కుర్రాడు. సుబేదారు గారు జవాబు చెప్పలేదు. కర్ర తీసుకుని మళ్లీ మొదటినుంచి చూపించారు.

ఇంకో చిక్కు. నిజమైన ఫిరంగి పేలిన ప్రతిసారీ కొన్ని అడుగులు వెనక్కి తంతుంది. మాది కదలదు. కదలనిదాని వెనక నిలబడటానికి ఎవరికి భయం? రెండో వారానికే ఐదుగురూ చక్రాలకు ఆనుకుని కబుర్లు చెప్పుకోవడం మొదలుపెట్టారు. అప్పుడాయన ఇరుసుకు మోకు కట్టించి, ఇద్దరిని దూరంగా కూర్చోబెట్టి, వాల్వు తిప్పగానే ఒక్క గుంజు గుంజమన్నారు. మొదటిసారి చక్రం కదిలినప్పుడు నాలుగో నంబరు చెప్పు దాని కింద పడింది. కాలు పడలేదు. ఆ రోజు నుంచి చక్రం వెనక ఎవరూ నిలబడలేదు.

నేను మాత్రం తిట్లు తినడం మానలేదు. రెండో నంబరు నెమ్మదిగా ఉంటే చొరవగా వెళ్లి పొట్లం నేనే అందించేవాణ్ణి. మూడుసార్లు ఊరుకుని నాలుగోసారి ఆయన నన్ను పక్కకు పిలిచారు. “మాస్టారూ, మీరు ఆ పొట్లం పట్టుకున్నప్పుడు రెండో ఫిరంగి మూతి ముందు ఎవరున్నారు?” చూడలేదు. “చూడటానికే కదా మిమ్మల్ని పెట్టింది. చేతులు వెనక కట్టుకోండి.” ఈ వయసులో నన్ను చేతులు కట్టుకోమన్నది ఆయనొక్కరే.

ఇక మాటల సంగతి.

మొదటి రోజు నేను ఆజ్ఞలు ఇచ్చిన తీరు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. “చూడండి, ఇప్పుడు ఒకటో నంబరు ముందుకు వచ్చి, తడిగుడ్డతో లోపల బాగా...” వాక్యంలో క్రియ వచ్చేసరికి ఒకటో నంబరు పని పూర్తి చేసి కూర్చున్నాడు. క్రియను చివర పెట్టుకునే భాష మనది. కథ చెప్పడానికి ఎంతో హాయి. ఆజ్ఞకు మాత్రం, ఏం చేయాలో చెప్పే ముక్క అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. సరే, క్రియ ఒక్కటే చెబుదామని కూర్చు, దంచు, గుచ్చు, కాల్చు అని పెట్టాను. రాసుకుంటే అందంగా ఉన్నాయి. అరిస్తే అన్నీ ఒకటే. దూరానికి వినబడాలని చివరి అచ్చును సాగదీస్తాం కదా, హల్లులన్నీ గాలికి పోయి “ఊ” ఒక్కటే మిగులుతుంది. కూర్చూ, కాల్చూ! ఒకదానికి తూటా లోపలికి వెళ్లాలి, ఇంకోదానికి బయటికి రావాలి. అజంత భాష అని మురిసిపోయే మనకు ఫిరంగి దగ్గర అదే శాపమైంది.

కూర్చు తీసేసి నింపు పెట్టాను. కాల్చు తీసేసి నిప్పు పెట్టాను. ఆ బుద్ధితక్కువ పని గురించి మొదట్లోనే చెప్పాను.

ఎన్‌సీసీ అమ్మాయి హిందీలో ఇద్దామంది. వాళ్ల డ్రిల్లంతా హిందీలోనే నడుస్తుంది. ఆజ్ఞలో ముందు హెచ్చరించే ముక్క, కాస్త ఆగి, చేయించే ముక్క. ఆ ఆగడంలోనే కిటుకంతా ఉందని ఆమె చేసి చూపింది. హిందీ నాకు నచ్చలేదు గానీ ఆ విరామం నచ్చింది. చివరికి క్రియలనే వదిలేశాం. పనిముట్టు పేరే ఆజ్ఞ. ముందు ఫిరంగి పేరు, ఒక క్షణం విరామం, తరువాత పనిముట్టు. “తూర్పు... తడి!” “తూర్పు... సంచి!” “తూర్పు... రోకలి!” “తూర్పు... సూది!” సూది అంటే రంధ్రంలోంచి గుచ్చి తూటా సంచికి చిల్లు పెట్టే ఇనుప పుల్ల. ఒక్కో మాటకు ఒక్కో పోలిక ఉంది, సాగదీసినా కలిసిపోవడం లేదు. పేల్చడానికి “అగ్గి!” అని పెట్టుకున్నాం. పొట్టిగా, పదునుగా ఉందని అందరికీ నచ్చింది.

ఆపడానికి ఏ మాటా పెట్టుకోలేదు. ఆపాల్సి వస్తే అప్పుడు అరుస్తాను కదా అనుకున్నాను.

మధ్యలో ఒక ఆదివారం మిరపకాయల పాలైంది. ముట్టడిలో ఫిరంగుల ముందు మట్టి గట్టు ఉండాలి. ఇసుక నింపిన గోనెసంచులతో కడదామన్నాం. గుంటూరులో గోనెసంచులకు కొదవా? ఒక మిత్రుడు యార్డు నుంచి వాడిన మిర్చి టిక్కీలు నూట ఇరవై తెచ్చి పడేశాడు. సంచులు దులిపి ఇసుక పోస్తుంటే మొదలైంది. ఒకటో నంబరు తుమ్ములు, రెండో నంబరు కన్నీళ్లు. నేను “తూర్పు” అని నోరు తెరవగానే గొంతు పట్టేసింది, ఎంత ప్రయత్నించినా రెండో ముక్క రాలేదు. తూర్పు ఫిరంగివాళ్లు మాత్రం, పాపం, ఆజ్ఞ వస్తుందని కళ్లు తుడుచుకుంటూ కర్రలు పట్టుకుని నిలబడే ఉన్నారు. కమాండరు గొంతు పోతే ఏం చేయాలనే ప్రశ్న ఆ రోజే వేసుకుని ఉండాల్సింది. మజ్జిగ తాగి, నవ్వుకుని ఇంటికి వెళ్లిపోయాం.

చివరి రిహార్సల్ ప్రదర్శనకు వారం ముందు. సాయంత్రం ఐదు గంటలు. డప్పులు నాలుగు, పక్కన సిపాయిల కేకలు. పడమటి ఫిరంగికి “అగ్గి” అన్నాను. బుస్సుమన్న చప్పుడే గానీ బూడిద రాలేదు. పొట్లం చెమ్మగిల్లి లోపల అతుక్కుంది. ఐదో నంబరు వాల్వు సగమే తిప్పాడని తరువాత తెలిసింది. రెండు క్షణాలు ఎవరికీ ఏమీ తోచలేదు. అప్పుడు ఒకటో నంబరు, అదే మొబైల్ షాపు కుర్రాడు, కర్ర చేత్తో పట్టుకుని ఏమైందో చూద్దామని గొట్టం మూతి వైపు వంగాడు.

“ఆగు!” అని అరిచాను. నా గొంతుకు ఎంత బలం ఉందో అంతా పెట్టి అరిచాను.

తోక వెనక బోర్లా పడుకున్న ఐదో నంబరుకు మూతి కనబడదు. వాడికి డప్పుల మధ్య వినబడింది “అగ్గి!” వాల్వు పూర్తిగా తిప్పాడు.

కుర్రాడి మొహం సరిగ్గా మూతికి ఎదురుగా లేదు. వారాల తరబడి చక్రం గీత దాటొద్దని ఆయన చెప్పీ చెప్పీ ఒంటికి పట్టిన అలవాటు వల్ల, పాదాలు గీత ఇవతలే ఉండి నడుము పైభాగమే వంగింది. బూడిద భుజానికి, ఎడమ చెంపకు, ఎడమ కంటికి కొట్టింది. వాడు అరవలేదు. కూర్చుండిపోయాడు. తాగే నీళ్ల క్యాన్లు రెండూ వాడి కంటిలోనే పోశాం, ఒకరు రెప్ప పట్టుకుని ఒకరు పోస్తూ. అక్కడినుంచి ఆసుపత్రి. డాక్టరు కన్ను శుభ్రం చేసి, గీరుకుంది గానీ చూపుకు ప్రమాదం లేదన్నారు. నాలుగు రోజులు ఎర్రగా ఉంది. ఆ నాలుగు రోజులూ పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి చూసి వచ్చాను.

మొదటి రోజు వాళ్లమ్మగారు తలుపు తీసి అన్న మాట ఒకటే. “మాస్టారూ, మీ ఫిరంగిలో ఏమీ ఉండదన్నారు కదా.”

ప్రదర్శన మానేద్దామని బృందంలో సగంమంది అన్నారు, నేనూ అన్నాను. సుబేదారు గారు మానమనలేదు, చేయమనీ అనలేదు. ఆజ్ఞల కాగితం అడిగి తీసుకుని, “అగ్గి” మీద గీత కొట్టి ఇచ్చేశారు. ఆ స్థానంలో ఏం రాయాలో నన్నే తేల్చుకోమన్నారు. రెండు రాత్రులు పట్టింది. పేల్చడానికి ఇక మాటే లేదు. నా చేతిలో ఎర్ర గుడ్డ కట్టిన బెత్తం ఉంటుంది. అది పైకెత్తి ఉన్నంతసేపూ ఎవరూ ఏమీ పేల్చరు. దించితే పేల్చాలి. ఐదో నంబరును బోర్లా పడుకోనివ్వకుండా, బెత్తమూ గొట్టం మూతీ రెండూ కనబడే చోట మోకాళ్ల మీద కూర్చోబెట్టాం. ఆపడానికి ఈల. ఈల పదిమంది మెడలోనూ ఉంటుంది. ఎవరు ఊదినా సరే, ఎందుకని అడగకుండా అందరూ చక్రాల వెనక్కి, పక్కకు వచ్చేయాలి. ఊక బూడిద మానేసి మొహానికి రాసుకునే పౌడరు వాడాం. ఖర్చు పెరిగింది, మా ఫిరంగులు పేలితే పురిటి గది వాసన వచ్చేది. అందరికీ కళ్లద్దాలు. పద్దెనిమిదో శతాబ్దపు లస్కరు ప్లాస్టిక్ కళ్లద్దాలు పెట్టుకున్నాడని ఎవరైనా నవ్వితే నవ్వనిమ్మన్నాను.

తూటా పేలకపోతే పది నిమిషాలు ఎవరూ దగ్గరకు వెళ్లకూడదని ఇంకో నియమం. తుపాకిమందు వాడే ఫిరంగిలో రవ్వ లోపలే నిదానంగా కాలుతూ ఉండవచ్చు కాబట్టి ఆ జాగ్రత్త. మా ట్యాంకులో గాలి అడుగు కాక్ తిప్పి వదిలేయడానికి అర నిమిషం చాలు. అర నిమిషం అనే రాద్దామా అని అడిగాను. “అర నిమిషం అని రాస్తే కుర్రాళ్లు పది సెకన్లకు వెళతారు. పది నిమిషాలని రాయండి” అన్నారు సుబేదారు గారు.

ఏప్రిల్ ఆదివారం, నగర శివారు మైదానం. నాలుగైదు వందల మంది వచ్చి ఉంటారు. ఫిరంగికి ఇరవై పొట్లాల చొప్పున కట్టాం. ఎడమ జేబుల్లో తూర్పుకు ఇరవై, పడమటికి ఇరవై చింతపిక్కలు వేసుకున్నాను. ఒకటి పేలితే ఒక పిక్క కుడి జేబులోకి. మంచి శిక్షణ ఉన్నవాళ్లు ఆ కాలంలో నిమిషానికి రెండు మూడుసార్లు కాల్చేవారు. ఆ లెక్కన మా నలభై పొట్లాలు పది నిమిషాలకు మించి రావు. నలభై నిమిషాలు నడపాలి. వ్యాఖ్యాత మైకులో “ఇంకా భీకరంగా” అన్నప్పుడల్లా జేబు తడుముకున్నాను. ఫోర్డ్‌కు ఆ రాత్రి నిద్ర ఎలా పట్టిందో గానీ, రెండు రోజుల మందుగుండు అంటే ఏమిటో నాకు తొడకు గుచ్చుకుంటూ తెలిసింది.

డప్పులవాళ్లు పొగ చూసి కొట్టాలి. కాబట్టి ప్రతిసారీ పొగ ముందు, చప్పుడు వెనక. నాకు అది తప్పుగా తోచి సరిచేయబోతే సుబేదారు గారు వద్దన్నారు. “దూరంనుంచి చూసేవాడికి నిజమైన ఫిరంగి కూడా అలాగే పేలుతుంది.” శబ్దం వేగం సెకనుకు సుమారు 340 మీటర్లని ఇరవై ఏళ్లుగా పిల్లల చేత లెక్కలు చేయిస్తున్నవాణ్ణి, నాకు తట్టలేదు.

పడమటి ఫిరంగి పదకొండో పొట్లం దగ్గర బుస్సుమని ఆగిపోయింది. నేను బెత్తం ఎత్తేలోపే ఈల వినబడింది. ఊదింది ఒకటో నంబరు. ఐదుగురూ చక్రాల పక్కకు వచ్చి నిలబడ్డారు. పది నిమిషాలు. మైదానంలో దాడి మొదలైంది, రాజుగారి సైన్యం గేటు వైపు గోల చేస్తోంది, సిపాయిలు బురదలో పడుతూ లేస్తున్నారు, వ్యాఖ్యాత “పడమటి ఫిరంగి ఎందుకు మౌనం వహించింది?” అని మైకులో రెండుసార్లు అడిగాడు. ముందు వరసలో ఒక పిల్లవాడు “పాడైపోయింది” అని తేల్చేసి పుల్లఐసు కోసం వెళ్లిపోయాడు. బెత్తం ఎత్తి పట్టుకుంటే ఆరో నిమిషానికి భుజం వణకడం మొదలవుతుంది. చేయి మార్చుకోవచ్చో లేదో కాగితంలో రాసుకోలేదు. మార్చుకోలేదు. ఎన్‌సీసీ అమ్మాయి తోలు తొడుగు వేలికి ఉంచుకునే, కదలకుండా నిలబడింది. మిగతా నలుగురూ కూడా ఆ రోజు కదలలేదు.

పదో నిమిషం దాటాక ఐదో నంబరు వెనకనుంచి కాక్ తిప్పాడు, గాలి పోయింది. అప్పటికి కోట లొంగిపోయి జనం చప్పట్లు కొడుతున్నారు. పడమటి వైపు జేబులో తొమ్మిది పిక్కలు మిగిలాయి. పేలని పదోదాన్ని ఎటు వేయాలో తెలియక చొక్కా పై జేబులో వేసుకున్నాను.

మర్నాడు చక్రాలు పెదకాకానికి పట్టుకెళ్లాం. రైతు నాలుగింటినీ గోడకు ఆనించి, ఒక్కొక్క ఆకునూ మళ్లీ వేలితో తట్టుకుంటూ వచ్చాడు. మూడో చక్రం దగ్గర ఆగాడు. ఒక ఆకు మొదట్లో చీలిక. మోకు గుంజిన గుంజుళ్లకు వచ్చి ఉండాలి.

“ఇదెలా అయింది?”

నేను నోరు తెరిచేలోపే ఒకటో నంబరు అన్నాడు, “ఫిరంగి వెనక్కి తన్నిందండీ.”

రైతు వాడి ఎడమ కన్ను వైపు ఒకసారి చూశాడు. నమ్మినట్లే ఉన్నాడు. ఆకు ఖరీదు మాత్రం తీసుకున్నాడు.